బుకారెస్ట్ ‘కమ్యూనిజం నడక’ టూర్లు: పట్టాలు చూపిస్తారు, పగ్గాలు చూపించరు

రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో కమ్యూనిస్టు కాలాన్ని చూపించే నడక టూర్లు చాలా ఉన్నాయి. కొన్నింటికి ముందే టికెట్ కొనాలి, కొన్నింటికి చివర్లో ఎవరికి తోచినన్ని లేయీలు (అక్కడి డబ్బు) వాళ్లిస్తారు. దేనికి వెళ్లినా వరస ఇంచుమించు ఒకటే: కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కట్టించిన పార్లమెంటు భవనం, వెడల్పాటి ఊనిరి బులెవార్డు, కూల్చివేతల నుంచి తప్పించడానికి పట్టాల మీద పక్కకు జరిపిన చర్చిలు. ఆ జరిపిన కథ చెప్పడంలో అయిదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. దేశంలో ఎక్కువమంది క్రైస్తవులు నడిచే ఆర్థడాక్స్ చర్చి అనే మత సంస్థని ప్రభుత్వం ఎలా లొంగదీసుకుందో చెప్పడంలో రెండు దాటవు.

ముందు బాగున్నది చెప్పుకోవాలి. మిహాయ్ వోదా చర్చిని 1985లో 289 మీటర్లు జరిపారు. గోడల అడుగున తవ్వి, కాంక్రీటు దూలాల చట్రం పోసి, పాత పునాది నుంచి కోసి విడదీసి, పట్టాల మీదికెక్కించి హైడ్రాలిక్ జాకీలతో కదిలించారు. ఇంజనీరు యూజెన్ యోర్దకెస్కు. వెయిటర్ పళ్ళెం మీద గ్లాసులు మోసుకెళ్లడం చూసి ఈ ఆలోచన తట్టిందని ఆయన చెప్పిన కథని ఏ గైడూ వదలడు. కదిలింది చర్చీ, గంటల గోపురమూ మాత్రమే. మఠం మిగతా కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఇప్పుడా చర్చి అపార్ట్‌మెంట్ల వెనక సందులో ఉంది, పెద్ద రోడ్డు మీద నుంచి చూస్తే కనిపించదు. కాపాడారన్న మాట నిజమే గానీ, కంటికి ఆనకుండా కాపాడారు.

తేడా కొట్టేది ఇక్కడే. గైడు చెప్పింది వింటే అణచివేతంటే బుల్డోజర్లే అనిపిస్తుంది. అవి వచ్చింది 1980లలో. చర్చి చేతులు కట్టేసింది అంతకు ముప్పై ఏళ్ల పైచిలుకు ముందే, 1948 ఆగస్టు 4న వచ్చిన 177వ డిక్రీ, అంటే ప్రభుత్వ శాసనం. అల్బేనియాలో లాగా మతాన్ని నిషేధించలేదు. జీతాలిచ్చి మరీ పట్టులో పెట్టుకున్నారు. బిషప్పులు రాజ్యానికి విధేయత ప్రమాణం చేయాలి. చర్చి నియమావళికి ప్రభుత్వ ఆమోదం కావాలి. ‘ప్రజాస్వామ్య వ్యతిరేక’ వైఖరి చూపిన మతాధికారికి ప్రభుత్వమిచ్చే జీతం కొంతకాలమో, శాశ్వతంగానో ఆపేయొచ్చు. బిషప్ పీఠం ఒక్కోదానికి సగటున 7,50,000 మంది విశ్వాసులు ఉండాలన్నారు. చూడ్డానికి పాలనా లెక్కే, కానీ పీఠాలు తగ్గితే కాపలా కాయాల్సిన బిషప్పులూ తగ్గుతారు. అదే ఏడాది మే నెలలో జుస్టీనియాన్ ఆర్థడాక్స్ చర్చి పాట్రియార్క్, అంటే అధిపతి, అయ్యాడు. డిసెంబరు 1న, పోప్‌ను ఒప్పుకునే గ్రీక్ కాథలిక్ చర్చిని రద్దు చేశారు, దాని గుళ్లు చాలావరకు ఆర్థడాక్స్ చర్చికే దక్కాయి. లొంగినవాడికి దక్కిన ఈ వాటా గురించి గైడు నోరు మెదపడు. అసలు ఇబ్బందికరమైన సంగతి అదే మరి.

ఆంతిమ్ మఠం దగ్గర కూడా ఇదే లోటు. ముంగిట్లో నిలబెట్టి, 1710లలో కట్టిందనీ తలుపు చెక్కడం చూడమనీ చెప్పి కదులుతారు. ‘మండే పొద’ అనే ప్రార్థనా బృందం పుట్టింది ఇక్కడే. 1958లో వాళ్లను అరెస్టు చేశారు, వేదాంతి దుమిత్రు స్తనిలోయే కూడా జైలుకెళ్లాడు. మరుసటి ఏడాది 410వ డిక్రీ వచ్చింది: 55 ఏళ్లలోపు సన్యాసులు, 50 ఏళ్లలోపు సన్యాసినులు మఠాలు విడిచిపోవాలి. కొద్దిపాటి మినహాయింపులు పోను వేలమంది బయటికి నడిచారు. ఖాళీ అవుతున్న గదులను ఊహించుకోవడానికి ఆ ముంగిలిని మించిన చోటు లేదు. అయిదు నిమిషాలాగితే చాలు.

బుక్ చేసేముందు ఒక్కటి అడగండి: పాట్రియార్క్ పీఠమున్న మిత్రోపోలియె గుట్ట ఎక్కిస్తారా? ఊనిరి చౌరస్తా నుంచి కాసేపటి నడకే. అయినా చాలామంది వదిలేస్తారు. పైన కథీడ్రల్ పక్కనే ఉన్న పెద్ద భవనంలో కమ్యూనిస్టు రుమేనియా మహా జాతీయ సభ సమావేశమయ్యేది. చట్టాలు చేసే సభ, చర్చి తలపీఠం ఒకే గుట్ట మీద. ఎక్కించని టూరైతే, అది అయిపోయాక మీరే ఎక్కండి. ఆదివారం పొద్దున మాత్రం వద్దు. ఆరాధన జరుగుతుంటుంది, లోపల గైడు మాట్లాడటానికి వీలుపడదు.