సోషల్ యాంగ్జైటీ: మాత్రలా, కౌన్సెలింగా?

నలుగురిలో మాట్లాడాలన్నా, మెలగాలన్నా పట్టుకునే విపరీతమైన భయమే సోషల్ యాంగ్జైటీ. దానికి మాత్రలు మేలా, కౌన్సెలింగా అని ఈ మధ్య వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు. రెండూ వాడినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

డాక్టర్లు ఎక్కువగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, పారాక్సెటిన్ లాంటివి. పనిచేస్తాయి, సందేహం లేదు. కాకపోతే తేడా తెలియడానికి 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదట్లో వికారం, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. నాకైతే పది రోజులు కడుపులో తిప్పింది. ఇవి నిద్రమాత్రల్లా వ్యసనమయ్యేవి కావు గానీ, ఒక్కసారిగా మానేయకూడదు. డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

కౌన్సెలింగ్‌లో దీనికి పనికొచ్చేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే మన ఆలోచనల్ని, అలవాట్లని మార్చే చికిత్స. సుమారు 12 నుంచి 16 సిట్టింగులు. కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం కాదిది. మనం తప్పించుకోవడానికి వేసే ఎత్తులను ఒక్కొక్కటిగా మాన్పిస్తారు. నా ఎత్తు ఇది: విశాఖలో మా గాజువాకలో షేర్ ఆటో ఎక్కి షీలానగర్‌లో దిగాలి. "ఇక్కడ ఆపండి" అనడానికి గొంతు పెగిలేది కాదు. ఎయిర్‌పోర్టు దగ్గర ఇంకెవరో ఆపమంటే, వాళ్లతో దిగి ఎండలో వెనక్కి నడిచేదాన్ని.

మూడో సిట్టింగ్‌లో హోంవర్క్ ఇచ్చారు: గట్టిగా ఆపమనాలి, ఏం జరుగుతుందనుకుంటున్నానో ముందే రాసుకోవాలి. "అందరూ తిరిగి చూస్తారు, డ్రైవర్ తిడతాడు" అని రాశాను. అరిచేసరికి ఆటో కాస్త దాటిపోయింది. "ఏటమ్మా, ముందే చెప్పాలి కదా" అన్నాడు. పక్కనున్నామె ఫోన్‌లోంచి తలెత్తలేదు. నేను భయపడినదాంట్లో సగం నిజంగానే జరిగింది, అయినా ఏమీ కాలేదు! నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. మాత్ర గుండెదడ తగ్గిస్తుంది, ఈ సంగతి మాత్రం నేర్పదు. మాత్ర ఆపాక భయం తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. నేర్చుకున్నది సిట్టింగులు అయిపోయాకా చాలావరకు నిలుస్తుంది. బ్రిటన్‌లో 2013 నాటి వైద్య మార్గదర్శకాలు కూడా వయోజనులకు ముందు సీబీటీనే చెప్పాయి.

అలాగని గడప దాటలేని స్థితిలో ఉన్నా, డిప్రెషన్ తోడైనా మాత్రల కోసం ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లండి. రెండూ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు.

గుండెదడ తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర స్టేజీ ఎక్కే ముందు చేతుల వణుకుకి తప్ప రోజువారీ బెరుకుకి కాదు, ఆస్తమా ఉంటే అసలు వద్దు. ఆందోళన వెంటనే తగ్గించే ఆల్ప్రజోలమ్ మాత్ర అయితే అలవాటైపోతుంది.

విశాఖ చిన్నవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని జంకితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోనంటేనే చెమటలు పట్టేవాళ్లకి నంబరివ్వడం ఏమిటని నవ్వకండి, నేను రెండుసార్లు కట్ చేసి మూడోసారి మాట్లాడాను. ప్రైవేటులో చేరేట్టయితే మొదటి రోజే "బయట చేయాల్సిన హోంవర్క్ ఇస్తారా?" అని అడగండి. "పాజిటివ్‌గా ఆలోచించండి చాలు" అంటే మరొకరిని వెతుక్కోండి.