అమెజాన్ అసోసియేట్స్ రివ్యూ: దోమల బ్యాట్‌కి ఎన్ని మాటలు, ఆర్వోకి ఎన్ని మాటలు?

తెలుగులో వస్తువుల రివ్యూలు రాసి, లింకు పెట్టి, దాని మీద కమీషన్ సంపాదించుకుందామనుకునేవాళ్ళు నెల్లూరు, ఒంగోలు వైపు కూడా బాగానే తయారయ్యారు. వాళ్ళలో చాలామంది మొదట చేరేది అమెజాన్ వాళ్ళ కమీషన్ పథకం అమెజాన్ అసోసియేట్స్‌లోనే. చేరడానికి పైసా కట్టనక్కర్లేదు. గుండుసూది నుంచి ఫ్రిజ్ దాకా అన్నిటికీ లింకు దొరుకుతుంది. మంచి చెడ్డా చెప్పేటప్పుడు అందరూ కమీషన్ శాతాల దగ్గరే ఆగిపోతారు గానీ, రాసేవాళ్ళ చేతిని పట్టి నడిపించేది మిగతా నిబంధనలు. రివ్యూ ఎంత పొడుగుండాలన్నది కూడా చాలావరకు అక్కడే తేలుతుంది.

ముందు మాటల లెక్క చూద్దాం. కనీసం 1500 పదాలుంటేనే గూగుల్ పైన చూపిస్తుందని ఎక్కడో విని, అదే పట్టుకుని కూర్చునేవాళ్ళున్నారు. తమకి ఇష్టమైన పదాల సంఖ్యంటూ ఏదీ లేదని గూగుల్ తన సూచనల్లోనే రాసింది. పైగా ఇంగ్లీషు లెక్క తెలుగుకి అతకదు. "నానబెట్టకపోతే" మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో నాలుగైదు. అక్కడ 1500 పదాలు పట్టే సంగతి ఇక్కడ 1000 లోపే అయిపోతుంది. గ్రైండర్ రివ్యూని బలవంతంగా 1500కి లాగితే గ్రైండర్ అంటే ఏమిటో రెండు పేరాలు, మన వంటింట్లో దోశ గొప్పతనం మీద ఇంకో పేరా వచ్చి చేరతాయి. చేపల పులుసు మర్నాటికి రుచి పెరుగుతుంది. నీళ్ళు కలిపిన రివ్యూకి ఆ అదృష్టం లేదు.

పనికొచ్చే కొలత ఒకటుంది: ఈ వస్తువు కొన్నవాళ్ళ ఇంట్లో ఎన్ని రకాలుగా తేడా కొట్టొచ్చు? ఒక్కో తేడాకి అది ఎందుకొస్తుంది, కొనేముందు ఎలా కనిపెట్టాలి, వచ్చాక ఏం చేయాలి అనే మూడూ చెప్పడానికి తెలుగులో 60 నుంచి 80 మాటలు చాలు. తేడాలు లెక్కపెట్టండి, పొడుగు దానంతటదే తేలుతుంది.

దోమల బ్యాట్‌నే తీసుకోండి. లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీయా, లిథియమా? లెడ్ యాసిడ్‌ది పూర్తిగా దిగిపోయాక నాలుగు నెలలు అటక మీద పడేస్తే మళ్ళీ చార్జ్ ఎక్కదు. వెనకవైపు మడత పిన్నుతో నేరుగా ప్లగ్గులో గుచ్చే రకాల్లో పిన్ను వదులైపోతుంది, యూఎస్‌బీ కేబుల్ రకానికి ఆ బెడద లేదు. వల మూడు పొరలుండాలి, బయటి పొరలు వేలికి కరెంటు తగలకుండా అడ్డం. వారంటీ ఎన్ని నెలలు, దేనికి? అంతే, 300 మాటల్లో ముగించొచ్చు. నెల్లూరోళ్ళకి దోమల వల్ల వచ్చే జబ్బుల గురించి ఉపోద్ఘాతం రాయడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఉదయగిరి చెక్క గరిటెలకి కూడా 350 మించి అక్కర్లేదు: రాత్రంతా నీళ్ళల్లో నానేస్తే పగులుతాయి, సబ్బునీళ్ళతో గబగబా కడిగి నీడలో ఆరబెట్టాలి, అప్పుడప్పుడూ కాస్త కొబ్బరినూనె పట్టించాలి. మిగిలిన చోటంతా ఫొటోలకివ్వండి. ఏ గరిటె ఎంత పొడుగో పక్కన స్కేలు పెట్టి తీస్తే వంద మాటలు ఆదా.

ఆర్వో నీళ్ళ మెషీన్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి చుట్టుపక్కల నీళ్ళలో ఫ్లోరైడ్ గొడవ ఎప్పటినుంచో ఉన్నదే. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకుండా ఉండాలి. వేరే నీళ్ళు దొరకని పరిస్థితిలో 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ అయితే 500, గత్యంతరం లేకపోతే 2000. (పన్నుల టీడీఎస్ కాదండోయ్, నీళ్ళలో కరిగున్న లవణాల లెక్క.) ఇక్కడే చాలా రివ్యూలు తప్పుదోవ పట్టిస్తాయి. నూటయాభై రూపాయల టీడీఎస్ మీటరు ముంచి, అంకె తగ్గింది చూడండని ఫొటో పెడతారు. ఆ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. యూవీ దీపం సూక్ష్మజీవుల్ని చంపుతుందే గానీ ఫ్లోరైడ్‌ని తియ్యదు. సన్నటి రంధ్రాల పొరతో చేసే యూఎఫ్ వడపోతా అంతే. కాచినా పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఈ మెషీన్లలో దాన్ని పట్టుకునేది ఆర్వో పొరే.

ఆ పొర కూడా ఒక చిన్న మరకి (స్క్రూకి) లొంగిపోతుంది. చాలా మోడళ్ళలో "టీడీఎస్ కంట్రోలర్" అని ఉంటుంది. ఆర్వో నీళ్ళు చప్పగా ఉన్నాయన్నవాళ్ళ కోసం, పొర దాటించకుండా పక్కదారిన వచ్చిన నీళ్ళని కొంచెం కలిపే ఏర్పాటు అది. లెక్క వేసి చూడండి. బోరు నీళ్ళలో లీటరుకి 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది, పొర పదిలో తొమ్మిది వంతులు ఆపిందనుకుందాం, 0.3 మిగిలింది. బిగించడానికొచ్చిన మెకానిక్ రుచి కోసమని మర తిప్పి నూటికి 30 వంతులు పచ్చి నీళ్ళు కలిపితే, గ్లాసులోకి వచ్చేది దాదాపు 1.1. ఇన్ని వేలు పోసి కొన్న మెషీన్ నుంచి మళ్ళీ హద్దు దాటిన నీళ్ళే. కనిగిరి, పామూరు వైపు పాఠకులకి రాసే రివ్యూలో ఈ మర ఎక్కడుంటుందో, మూతి ఎటు తిప్పితే పూర్తిగా మూసుకుంటుందో ఫొటోతో సహా చూపించాలి. దీనికే 150 మాటలు పడతాయి, పట్టనివ్వండి.

ఇంకా ఉంది. లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు డ్రెయిన్ పైపులోకి పోతాయి. వాటిని గిన్నెలు తోమడానికి పట్టుకునే వీలుందా? నీళ్ళలో సున్నం ఎక్కువైతే పొర త్వరగా మూసుకుపోతుంది, దానికి ముందుండే ఫిల్టరు మార్చకుండా నెట్టుకొస్తే ఇంకా త్వరగా. ట్యాంకు ఎత్తు తక్కువైతే లోపలికొచ్చే ఒత్తిడి చాలక మెషీన్ ఆగి ఆగి పనిచేస్తుంది. ఆ ఊరి పిన్‌కోడ్‌కి సర్వీసుందా, విడిభాగాలు ఎంత పడతాయి? అన్నీ కలిపితే 1200 మాటలు ధారాళంగా దాటుతుంది, ఒక్క ముక్క కూడా వృథా కాదు.

అంత పొడుగు రివ్యూలో రెండో పేరా మాత్రం "మీకిది వద్దు" అని చెప్పగలగాలి. కుళాయి నీళ్ళ టీడీఎస్ 250 లోపుండి, ఫ్లోరైడ్ హద్దులో ఉంటే ఆర్వో అక్కర్లేదు, యూవీ, యూఎఫ్ ఉన్నది చాలు. ముందు గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్ష కేంద్రంలో నీళ్ళు చూపించుకోమనాలి. ఆ మాటతో కమీషన్ పోతుంది, నిజమే.

ఈ పథకంలో నిబంధనలు ఆ మాటనే సమర్థిస్తాయి. కొన్నవాళ్ళు వస్తువు తిరిగి పంపేస్తే దాని కమీషన్ వెనక్కి పోతుంది. డబ్బు చేతికొచ్చేదే నెల ముగిసిన దాదాపు 60 రోజులకి. ఒక లోపం దాచిపెట్టి పొట్టిగా రాసిన రివ్యూ లింకు నొక్కించొచ్చు, ఆర్డరూ పెట్టించొచ్చు, వస్తువు ఇంట్లో నిలవకపోతే మిగిలేది సున్నా. ఏ వస్తువు ఎందుకు వెనక్కొస్తోందో తెలుసుకోవడానికి కొన్నవాళ్ళు ఒక్క స్టారు, రెండు స్టార్లిచ్చి రాసినవి ఓ యాభై చదవండి. అయితే వాళ్ళ మాటలు గానీ, ఆ స్టార్ల అంకె గానీ ఎత్తి మీ రివ్యూలో పెట్టకూడదు, నిబంధన ఒప్పుకోదు. మీ చేతిలో వస్తువు మీద సరిచూసుకుని మీ మాటల్లో రాయాలి.

ధర అంకె కూడా మీరు చేత్తో రాసి వదిలేయకూడదు, రేపు మారితే పాఠకుడు మోసపోయినట్టే. ఆ వాక్యం పోవడంతో రివ్యూ కాస్త పొట్టవుతుంది. దాని బదులు నెలల ఖర్చు రాయండి, అది అంత త్వరగా పాతబడదు. గ్రైండర్ 150 వాట్లది నలభై నిమిషాలు తిరిగితే పదో వంతు యూనిట్ కరెంటు. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిరిగినా దానికంటే కాస్త ఎక్కువే కాలుతుంది.

గ్రైండర్ మాటొచ్చింది కాబట్టి: రెండు లీటర్ల టేబుల్‌టాప్ రకానికి 700 నుంచి 800 మాటలు సరిపోతాయి. చీమకుర్తి రాయిని దేశదేశాలకి పంపే జిల్లాలో గ్రానైట్ గొప్పదనం వర్ణించి మాటలు ఖర్చుపెట్టక్కర్లేదు. కొత్త రాయి నుంచి పొడి రాలుతుందని, మొదట గుప్పెడు బియ్యం రుబ్బి పారబోసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ అలాగే చేయాలని రాయాలి. పప్పంతా ముందే పోసి స్విచ్ వేస్తే రాళ్ళు బిగుసుకుని బెల్టు జారుతుంది. ముందు తిప్పి, కాసిని నీళ్ళు పోసి, గుప్పెడు గుప్పెడుగా వేయాలి. అరకిలో బియ్యం హాయిగా నలుగుతుంది, కిలో పోస్తే పిండి అంచు మీంచి చిమ్ముతుంది. పది కిలోలకు పైబడిన బరువుని రోజూ అరమార్లోంచి దించగలరా అన్నది కూడా అడగాలి. కారం దోశకి పిండి ఎంత మెత్తగా ఉండాలో ఒక ఫొటో: వేలి మీద పిండి, బొటనవేలితో నలిపితే రవ్వ తగలకూడదు.

పథకంలో అసలు చిక్కు 24 గంటల గడువు. లింకు నొక్కాక ఒక రోజులోపు కొనాలి, లేదా కార్ట్‌లో వేయాలి. కార్ట్‌లో వేస్తే మాత్రం మామూలుగా 89 రోజుల దాకా లెక్కలోకొస్తుంది. దోమల బ్యాట్ అప్పటికప్పుడే కొనేస్తారు. గ్రైండర్ అలా కాదు. అత్తగారిని అడగాలి, జీతం పడాలి, పండగ ఆఫర్ రావాలి. అందుకని పెద్ద వస్తువుల రివ్యూని కుదించేస్తే లాభం లేదు. మళ్ళీ వచ్చే కారణం అందులో ఉండాలి: బిగించే రోజు చూసుకునే జాబితా, ఫిల్టరు మార్చే తేదీల పట్టిక, బెల్టు కొలత. కొనే రోజున మీ పేజీనే మళ్ళీ తెరుస్తారు. లింకు గ్రైండర్‌ది అయి, కొన్నది చెప్పులైనా కమీషన్ రావడం (కొన్ని మినహాయింపులు పోను) ఈ పథకంలో ఉన్న ఉదారత్వం. పలచటి రివ్యూలు పుట్టుకురావడానికి కారణమూ అదే.

కమీషన్ తీసుకుంటున్న సంగతి పైనే చెప్పాలి. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాలు, 2023 జనవరిలో ఇచ్చిన వివరణ చూడండి. రివ్యూ ఏ భాషలో ఉంటే కమీషన్ సంగతి కూడా ఆ భాషలోనే, కళ్ళకి కనబడే చోట ఉండాలి. తప్పుదోవ పట్టిస్తే జరిమానా 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. "ఈ లింకు ద్వారా మీరు కొంటే అమెజాన్ అసోసియేట్‌గా మాకు కమీషన్ వస్తుంది" అని మొదటి లింకుకి పైన రాస్తే చాలు, మొత్తం పది మాటలే. కింద చిన్నక్షరాల్లో ఇంగ్లీషు వాక్యం అతికించి చేతులు దులుపుకోవడం పద్ధతి కాదు.

రాసినది ఎక్కువైందా, తక్కువైందా అని కనిపెట్టే సాధనం ఈ పథకంలోనే ఉంది, వాడేవాళ్ళు తక్కువ. ఒక ఖాతాలో 100 దాకా ట్రాకింగ్ ఐడీలు (ఏ లింకు నుంచి ఎంత వచ్చిందో విడిగా చూపే గుర్తులు) పెట్టుకోవచ్చు, మన దేశంవి చివర -21తో ముగుస్తాయి. ఒకే రివ్యూలో పైలింకుకి ఒకటి, మధ్యలోదానికి ఒకటి, అడుగునదానికి ఒకటి ఇవ్వండి. నెల తర్వాత నొక్కులూ ఆర్డర్లూ విడివిడిగా చూడండి. పైలింకు నొక్కుతున్నారు గానీ కొనట్లేదంటే, కొనేముందు అడిగే ప్రశ్నకి జవాబు అడుగున పాతేశారన్నమాట, పైకి తెండి. మధ్యలింకు దగ్గర ఆర్డర్లు బాగుండి అడుగునది ఎండిపోతే మధ్య తర్వాత రాసిందాన్ని కత్తిరించి చూడండి. పేజీని ఎంత కిందిదాకా చూశారో చెప్పే గూగుల్ అనలిటిక్స్ స్క్రోల్ లెక్క కూడా చూడొచ్చు, కాకపోతే మామూలుగా అది పేజీలో 90 శాతం దిగాకే నమోదవుతుంది. కింద కామెంట్లు, ఇతర రివ్యూల బొమ్మలు బారుగా ఉంటే, రివ్యూ మొత్తం చదివినవాళ్ళు కూడా చదవనట్టే కనబడతారు.

కొత్తగా చేరేవాళ్ళకి 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు రాకపోతే ఖాతా మూసేస్తారు. సొంత లింకుతో సొంతానికి కొన్నవి లెక్కకి రావు. అందుకని మొదటి నెలల్లో బ్యాట్లు, గరిటెల్లాంటి 300 మాటల రివ్యూలు పదో పన్నెండో వేసుకుని, పక్కన ఆర్వో లాంటిది ఒక్కటి నింపాదిగా తయారుచేసుకోవడం మంచిది. మొబైల్ ఫోన్ల జోలికి పోవద్దు. కమీషన్ శాతం బాగా తక్కువ, రాసేవాళ్ళు కోకొల్లలు.

మొత్తం మీద ఐదుకి మూడున్నర. అర మార్కు 24 గంటల గడువుకి పోయింది. ఇంకో మార్కు చచ్చిన లింకులకి: మోడల్ ఆగిపోతే పేజీ మీద "ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఉంటుందే తప్ప మీకు కబురు రాదు. 1200 మాటల ఆర్వో రివ్యూ కింద అలాంటి లింకు ఆరునెలలు వేలాడుతుంటే మొత్తం శ్రమ నీళ్ళపాలే కాబట్టి, పొడుగు రివ్యూల లింకుల్ని నెలకోసారి చేత్తో నొక్కి చూసుకోవాలి.