దసరా పంటకు రెడీమిక్స్ మట్టి కొంటున్నారా? బెంగళూరులో అద్దె మళ్లు చేస్తున్నవాళ్లకు హెచ్చరిక

సర్జాపుర, కనకపుర రోడ్డు, దేవనహళ్లి వైపు మడి అద్దెకు తీసుకుని కూరగాయలు వేస్తున్న తెలుగువాళ్లందరికీ ఒక మాట. "తెచ్చి పోసుకుని నేరుగా విత్తేయండి" అంటూ అమ్ముతున్న రెడీమిక్స్ మట్టిని పరీక్ష చేయకుండా లోడ్ల లెక్కన దింపించుకోవద్దు. ఈ సీజన్లో మా మళ్లకు వచ్చిన మిక్స్ బిల్లులో ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్ట్ సమపాళ్లలో అని రాసి ఉంది. వచ్చిన సరుకులో పొట్టు కడగనిది, కంపోస్ట్ చివకనిది. డబ్బు ముట్టాక అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

మిక్స్‌లో తేడా ఉందని ముందు బయటపెట్టేది బీన్స్. మొలక బాగానే వస్తుంది. రెండాకులు విచ్చుకున్నాక అంచులు గోధుమరంగులోకి మాడి లోపలికి చుట్టుకుంటాయి. క్యారెట్ మొలకలు దారాల్లా వచ్చి వాలిపోతాయి. పక్క సాలులో అదే మట్టిలో బీట్‌రూట్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఇలా కనిపిస్తే అది ఉప్పు. మట్టి గుజ్జులోంచి తీసిన నీటి ఈసీ (నీళ్లలో ఎంత ఉప్పు ఉందో చూపే కొలత, మిల్లీసీమెన్స్‌లో) 1 దాటితే చాలు, బీన్స్, క్యారెట్ దిగుబడి పడిపోతుంది. ముల్లంగి, ఉల్లి 1.2 దాకా, టమాటా 2.5 దాకా తట్టుకుంటాయి, బీట్‌రూట్ 4 దాకా ఓర్చుకుంటుంది. నారుకుళ్లు తెగులైతే కాడ మొదట్లో నీరుకారినట్టు మెత్తబడి మొక్క పడిపోతుంది, ఆకు అంచులు మాడవు. ఈ తేడా చూడకుండా శిలీంద్రనాశని చల్లితే ఆ డబ్బూ మట్టిలోకే.

పొట్టులో ఉప్పు ఎలా వస్తుందంటే, కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఉంటాయి. పీచు నానబెట్టిన నీళ్లు ఉప్పువైతే ఇంకా ఎక్కువ. మంచి నీళ్లతో కడిగి అమ్మితే ఖర్చు పెరుగుతుంది కాబట్టి కొందరు ఆ పని ఎగ్గొడతారు. పట్టుకోవడం సులభం. ఈసీ చూపే పెన్ ఒకటి కొనుక్కోండి, నలుగురు కలిసి కొన్నా సరే. ఒక కప్పు పొట్టుకు ఐదు కప్పుల ఆర్వో నీళ్లు పోసి, అరగంటపాటు మధ్యమధ్య కలిపి, వడగట్టి పెన్ ముంచండి. కడిగిన పొట్టు 0.5 మిల్లీసీమెన్స్ లోపు చూపాలి. 1 దాటితే వద్దనండి. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేయకండి, ఆ నీళ్లలోనే ఉప్పు ఉంటుంది.

వర్మీకంపోస్ట్‌లో మోసం మూడు రకాలు: నీళ్లు, ఇసుక, చివకని పేడ. ఫెర్టిలైజర్ కంట్రోల్ ఆర్డర్ 1985 ప్రకారం వర్మీకంపోస్ట్‌లో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, నత్రజని కనీసం 1 శాతం, సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం ఉండాలి. వంద గ్రాములు తూచి, పళ్లెంలో పలచగా పరిచి ఎండలో బాగా ఆరనిచ్చి మళ్లీ తూచండి. 55 గ్రాములే మిగిలితే 45 శాతం నీళ్లన్నమాట. 40 కిలోల బస్తాలో మీకొచ్చిన పొడి సరుకు 22 కిలోలే. 25 శాతం తేమతోనైతే ఆ పొడి సరుకు 29 కిలోలు తూగేది, అంటే 40కి డబ్బిచ్చి 29 కిలోలు తెచ్చుకున్నట్టు. ఇసుక సంగతి గాజు సీసాలో తేలిపోతుంది. కప్పు ఎరువు వేసి, నీళ్లు నింపి బాగా ఊపి వదిలితే ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. అక్కడ వేలెడు మందం పేరుకుంటే ఆ బస్తా వెనక్కి పంపాల్సిందే.

చివకని ఎరువుకు మాత్రం ముక్కే సాక్షి. పిడికెడు తడి ఎరువును జిప్ కవర్‌లో గాలి లేకుండా మూసి మూడు రోజులు నీడలో ఉంచి తెరవండి. చివికినదైతే వానకు తడిసిన మట్టి వాసన. ముక్కుపుటాలు మండేలా అమ్మోనియా గానీ మురుగు కంపు గానీ వస్తే అది మొలకల వేర్లను కాల్చేస్తుంది.

ఇవేవీ కుదరకపోతే రెండు కుండీలు చాలు. ఒకదాంట్లో వాళ్లిచ్చే మిక్స్, ఇంకోదాంట్లో మీ మడిలోని పాత మట్టి వేసి పదేసి బీన్స్ గింజలు పెట్టండి. పన్నెండు రోజుల్లో తేడా కళ్లకు కనిపిస్తుంది. "అప్పటికి స్టాక్ అయిపోతుంది సార్" అంటారు, అయిపోనివ్వండి. రెండు కిలోల శాంపిల్ ఇవ్వనివాళ్ల దగ్గర లోడు కొనడం అనవసరం.

ఇప్పటికే దింపించుకున్నవాళ్లు కంగారుపడి తీసి పారేయకండి. ఉప్పు ఒక్కటే సమస్య అయితే కడిగి బాగుచేయొచ్చు. మిక్స్ ఎంత మందం ఉందో అంత మందం నీళ్లు లోపలి నుంచి దిగిపోతే ఉప్పులో సుమారు 80 శాతం పోతుంది. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, ఆరంగుళాల మందం ఉన్న మడికి దాదాపు 570 లీటర్లు కావాలి. మూడు నాలుగు విడతలుగా, ప్రతిసారీ పూర్తిగా ఇంకాకే పోయండి. అడుగున నీళ్లు పోయే దారి లేకపోతే ఇది పనిచేయదు. డ్రిప్ మీద వదిలేస్తే ఉప్పు తడి అంచుకు చేరి అక్కడే కూర్చుంటుంది. సెప్టెంబర్, అక్టోబర్ వానలు బెంగళూరులో గట్టిగానే పడతాయి, ఆ రోజుల్లో మడి మీద షీటు కప్పకండి. కలపని పొట్టు దిమ్మలు ఇంకా ఉంటే 5 కిలోల దిమ్మకు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు మంచి నీళ్లతో కడగండి. పొట్టును పట్టుకుని ఉన్న సోడియం వట్టి నీళ్లకు పూర్తిగా వదలదు. ఎరువు చివకకపోతే కడిగినా లాభం లేదు. కుప్పగా వేసి, తడి ఆరకుండా వారానికోసారి తిరగేస్తూ నెలా నెలన్నర మాగనివ్వండి. ఈలోగా ఆ మడిలో ఏమీ వేయకండి.

ఇదే అదనుగా నారు అమ్మేవాళ్లూ తిరుగుతున్నారు. కాలీఫ్లవర్ నారు కొంటే రకం పేరు, విత్తిన తేదీ అడగండి. నాలుగైదు వారాలు దాటి, ప్రోట్రే (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే) గుంటలో వేర్లు గోధుమరంగులో చుట్టుకుపోయిన నారు నాటితే బొత్తాం అంత పువ్వు వేసి ఆగిపోతుంది. ముందస్తు రకాన్ని చలిలోకి ఆలస్యంగా నాటినా అంతే. వేర్లు తెల్లగా ఉండాలి.

జామ అంటుమొక్కల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. కవర్ చించి వేర్లు చూడకుండా ఒక్క మొక్కా తీసుకోవద్దు. వేళ్ల మీద పూసల్లా బుడిపెలుంటే అవి వేరుబుడిపె నులిపురుగులు. నర్సరీ మట్టితో అవి మీ మడికి వస్తే జామతో ఆగవు, టమాటా, వంకాయ వేర్లనూ పట్టుకుంటాయి, ఆ మడిని మళ్లీ శుభ్రం చేయడం చాలా కష్టం. అమ్మేవాళ్లు కవర్ చించనివ్వకపోతే వచ్చేయండి. మామిడి, సపోటాల్లో అంటు అతుకు స్పష్టంగా కనిపించాలి. అతుకు కింద నుంచి వచ్చిన చిగురు చూపించి "బాగా పెరుగుతోంది" అంటే నమ్మకండి, అది కింది మొక్క చిగురు.

విత్తనాల ప్యాకెట్ మీద మొలక శాతం, పరీక్ష తేదీ చదవండి. టమాటా, వంకాయకు కనీసం 70, బెండకు 65, క్యారెట్‌కు 60, బీన్స్‌కు 75 శాతం ఉండాలి. హెసరఘట్ట దగ్గరి భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తన రకాల విత్తనాలు అమ్ముతుంది. అక్కడి అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండుతెగులు, ముందస్తు ఆకుమాడు మూడింటినీ తట్టుకునే రకం.

డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. మిక్స్‌లోంచి రెండు కిలోలు తీసి, ఇద్దరి ఎదుట కవర్‌లో సీల్ చేసి తేదీ రాయండి. బిల్లు, లోడు దింపిన రోజు ఫోటోలు, చాట్‌లో వాళ్లు "నేరుగా విత్తుకోవచ్చు" అన్న మాట తొలగించకుండా దాచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మడి కడగడం మొదలుపెట్టేది మాత్రం శాంపిల్ తీశాకే.