పర్లాకిమిడిలో మోటారు కాలితే ఈ షాపుకే తీసుకెళ్లండి

బోర్డు ఉండదు. బజారు వెనక సందులో వార్నిష్ వాసన ఎటు కొడితే అటు వెళ్లిపోండి. ఊరు ఒడిశాదైనా, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి కూడా మోటార్లు ఇక్కడికే మోసుకొస్తారు.

ఎండాకాలం వోల్టేజి పడిపోయి మా ఇంటి ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు మూలుగుతోంది గానీ తిరగలేదు. మేస్త్రీ ముందు, మోటారు తిరగడం మొదలెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్ చూశాడు. చాలాసార్లు దోషం దానిదే, వందల్లో తేలిపోతుంది. వైండింగ్ (లోపలి తీగచుట్ట) పోయిందని చెప్పి వేలు గుంజే రకం కాదీయన. మాది మాత్రం నిజంగానే కాలింది.

పాత కాయిళ్లు కోసేముందు పని నేర్చుకుంటున్న కుర్రాడు చుట్లు లెక్కపెట్టి, తీగ మందం కొలిచి, ఏ స్లాటు (గాడి) నుంచి ఏ స్లాటుకి వెళ్లిందో ఒక పాత ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం చూడాల్సిందే. ముందు పేజీలన్నీ మేస్త్రీ తెలుగు, వెనకవన్నీ ఒడియా బడిలో చదివిన కుర్రాళ్ల ఒడియా. కంపెనీ, హెచ్‌పీ, గేజి (తీగ మందం నంబరు), చుట్లు. ఎవడి లిపి అయినా లెక్క మాత్రం తప్పదు.

నేను ప్లస్ టూ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. నాతో వచ్చిన మేనల్లుడు ఎలక్ట్రికల్ ఇంజనీరు. మేస్త్రీ సరదాకి మూడు వైర్లు వాడి చేతిలో పెట్టి, ‘‘స్టార్టింగ్ ఏది, రన్నింగ్ ఏది బాబూ?’’ అన్నాడు. లోపల రెండు తీగచుట్టలుంటాయి: మోటారుని కదిలించేది స్టార్టింగ్, తిప్పుతూ ఉంచేది రన్నింగ్. రెండిటికీ కలిసిన వైరు కామన్. వాడు నా మొహం చూశాడు. పదో తరగతి తప్పిన కుర్రాడు మల్టీమీటరు తీసుకుని వైర్లకి జతజతగా పెట్టి నిరోధం ఎన్ని ఓమ్స్ ఉందో చూశాడు. ‘‘ఈ రెండిటి మధ్యే ఓమ్స్ ఎక్కువ, అంటే మిగిలింది కామన్. కామన్ నుంచి ఎక్కువ చూపించేది స్టార్టింగ్. సన్న తీగ గదా!’’ తీగ సన్నబడితే నిరోధం పెరుగుతుందని నేను ఏటా బోర్డు మీద రాసేదే.

అలాగని చదువు దండగ అనే బాపతు కాను. వోల్టేజి తగ్గితే మోటారు ఎందుకు కాలుతుందో ఆ కుర్రాడికి తెలీదు. వోల్టేజి పదో వంతు తగ్గితే టార్క్ (తిప్పే బలం) దాదాపు ఐదో వంతు పడిపోతుందని, అదే లోడు లాగడానికి కరెంటు ఎక్కువ తీసుకుని వేడెక్కుతుందని చెప్పాను. ‘‘అయితే మా ఊరి మోటార్లకి తీగ ఒక నంబరు లావు వెయ్యొచ్చా టీచరమ్మా?’’ అన్నాడు. మా క్లాసులో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగరు. పరీక్షలో రాదు కదా మరి.

లోపాలూ ఉన్నాయి. రేపంటే ఎల్లుండి. బిల్లివ్వడు. వార్నిష్ పొగ బయటికి పోడానికి ఫ్యానయినా లేదు, ఆ పిల్లల ఊపిరితిత్తుల మాట ఎవరికీ పట్టదు. పని నేర్చుకునేవాళ్లకి మొదట్లో టీ, టిఫినే జీతం. ఇది నాకు అస్సలు నచ్చలేదు.

రాగి తీగతో నాకు ₹2,200 పడింది. అల్యూమినియం అయితే చవకే గానీ వెయ్యనంటాడు, బతిమాలకండి. కాలిన రాగి తూకం వేయించుకుని ఇవ్వాల్సిన డబ్బులో తగ్గించమనండి. అడిగితేనే తగ్గిస్తాడు.