ఎంటరిక్ కోటింగ్ ఉన్న ప్రోబయాటిక్ క్యాప్సూల్స్: 18 నెలలు వాడాక

యాంటీబయాటిక్ కోర్సు అయిపోయినా విరేచనాలు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉండటంతో డాక్టరు ప్రోబయాటిక్ (మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) రాశారు. మొదటి నాలుగు నెలలు మామూలు జెలటిన్ క్యాప్సూల్స్ వాడాను. ఆ తర్వాత ఎంటరిక్ కోటింగ్ ఉన్నవాటికి, అంటే లోపలి బ్యాక్టీరియాను కాపాడేందుకు కడుపులోని ఆమ్లంలో కరగకుండా పేగుల్లోకి వెళ్లాకే కరిగే పైపొర ఉన్నవాటికి మారాను. రెండింటిలోనూ ఉన్న బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీయే. (2020లో దీని ఇంటిపేరు లాక్టికేసిబాసిల్లస్‌గా మార్చారు. డబ్బాల మీద రెండూ కనిపిస్తాయి, వేరే మందేమో అని కంగారు పడకండి.) ముద్రించిన సంఖ్య కూడా ఒకటే, 1,000 కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియాను లెక్కపెట్టే కొలత). తేడా అంతా తొడుగులోనే.

ఆ తొడుగు నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం నన్ను నిద్రపోనివ్వలేదు. పరగడుపున కడుపులో పీహెచ్ (ఇది ఎంత తక్కువైతే ఆమ్లగుణం అంత ఎక్కువ) 1.5 నుంచి 3.5 వరకు ఉంటుంది, వెనిగర్‌ది సుమారు 2.5. రెండు గ్లాసుల్లో గోరువెచ్చని వెనిగర్ పోసి, ఒక్కో రకం ఒక్కోదానిలో వేశాను. పది నిమిషాలు కాకముందే జెలటిన్‌ది మెత్తబడి, పక్కన చీలి, తెల్లటి పొడి పొగలా దిగింది. కోటింగ్ ఉన్నది గంట తర్వాత కూడా చెక్కుచెదరలేదు. దాన్ని తీసి గోరువెచ్చని వంటసోడా నీళ్లలో వేస్తే కాసేపటికి మెరుపు పోయి, ఉబ్బి, అతుకు దగ్గర విడిపోయింది. ఇలాంటి పొరలు ఎక్కువగా పీహెచ్ 5.5 దాటాకే కరుగుతాయి. కడుపు దాటి చిన్నపేగులోకి వెళ్లాక ఆ స్థాయి వస్తుంది. అయితే నా గ్లాసులో కడుపులో ఊరే పెప్సిన్ అనే జీర్ణరసం లేదు, కడుపులో జరిగే చిలుకుడూ లేదు. లోపలి బ్యాక్టీరియా బతికే ఉందో లేదో కంటికి కనపడదు.

మధ్యలో రెండు వారాలు మైక్రోఎన్‌క్యాప్సులేషన్ చేసిన పొడి కూడా వాడాను. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ ద్రావణంలో బ్యాక్టీరియాను కలిపి, కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదిలితే గట్టిపడి చిన్న పూసలవుతాయి. ఆలోచన బాగుంది. నోట్లో మాత్రం సన్నని ఇసుకే. పంటి కింద నలిగితే ఇక ఆ పూత ఎందుకు?

నా వల్ల జరిగిన పొరపాటు ఒకటుంది. సౌకర్యంగా ఉంటుందని క్యాప్సూల్స్‌ను సీసాలోంచి తీసి, వారానికి సరిపడా మాత్రలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పొయ్యి పక్క అరలో పెట్టాను. కొన్ని వారాలకు అడుగున ఉన్నవి ఒకదానికొకటి అతుక్కున్నాయి. విప్పి చూస్తే పొడి ఉండకట్టింది. లోపలి బ్యాక్టీరియాను గడ్డకట్టించి, తేమ లాగేసి, నిద్రపుచ్చి ఉంచుతారు. తేమ తగిలితే ఆ నిద్ర చెడుతుంది, వేడి తోడైతే త్వరగా చస్తాయి. ఆమ్లం గురించి అంత ఆరా తీసిన నేను పొయ్యి సంగతి మరిచాను! తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం ఉన్న సీసాలోనే ఉంచండి.

ఫలితం సంగతికి వస్తే, మారిన మొదటి వారం గ్యాస్ ఎక్కువైంది. ఆరో వారానికి కడుపు కుదుటపడింది. ఆ ఘనత కోటింగ్‌దే అనలేను, అప్పటికి కోర్సు ముగిసి నెలలు గడిచాయి. పైగా ఈ రామ్నోసస్ జీజీకి ఆమ్లాన్నీ పైత్యరసాన్నీ కొంత తట్టుకునే గుణం సహజంగానే ఉంది. గట్టి పెంకున్న బీజాలుగా (స్పోర్లుగా) ఉండే బాసిల్లస్ అనే వేరే బ్యాక్టీరియా రకాలకైతే ఈ పొర దాదాపు అనవసరం. పద్నాలుగో నెలలో కావాలనే నెల రోజులు మానేశాను. తేడా ఏమీ తెలియలేదు.

తర్వాత పంటి చికిత్సకు మళ్లీ యాంటీబయాటిక్ పడటంతో, డాక్టరును అడిగి, రెండింటి మధ్య రెండు గంటల ఎడంతో ప్రోబయాటిక్ కూడా మొదలుపెట్టాను. ఈసారి విరేచనాలు కాలేదు. ఈ సీసా అయ్యాక రోజూ వేసుకోవడం ఆపేస్తాను. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. కొనేటప్పుడు నేను ఇప్పుడు చూసేది ఒక్కటే: ఆ 1,000 కోట్లు తయారీ నాటి లెక్కా, గడువు తేదీ నాటి లెక్కా. నా మొదటి డబ్బా మీద ఉన్నది తయారీ నాటిది.