కాళ్ళ కింద ఉన్న చోటు: పెద్ద సెడాన్‌తో తొమ్మిదేళ్ళు, ఎస్‌యూవీతో నాలుగేళ్ళు

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. 2016లో కొన్న పెద్ద సెడాన్ 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. 2021లో తీసుకున్న ఏడు సీట్ల ఎస్‌యూవీ 70,000 దాటింది. రెండూ ఎక్కువగా నేనే నడుపుతాను. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మా ఆయన ఆరడుగుల మనిషి. మా అత్తగారికి 74 ఏళ్ళు, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇద్దరు పిల్లలు. హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరానికి ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్ళి వస్తాం. మా కార్ల పేర్లు చెప్పను. నేను రాసే ఇబ్బందులు ఆ తరహా బండ్లలో చాలావాటికి ఉన్నవే.

ఎస్‌యూవీ కొన్నప్పుడు, బండి పెద్దది కాబట్టి లోపల చోటూ ఎక్కువే ఉంటుందని నమ్మాను. మొదటి దూర ప్రయాణంలో సూర్యాపేట దాటేసరికి వెనక సీట్లోంచి మా ఆయన "తొడలు పట్టేశాయి, ఒకసారి ఆపు" అన్నారు. సెడాన్‌లో ఆయన నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. తిరిగి వచ్చాక టేపు తీసుకుని కొలిచాను. తల మీద ఖాళీ ఎస్‌యూవీలోనే నాలుగు వేళ్ళు ఎక్కువ. కానీ పాదాలు ఆనే చోటి నుంచి సీటు అంచు వరకు ఉన్న ఎత్తు సెడాన్ వెనక సీట్లో 34 సెంటీమీటర్లుంటే, ఎస్‌యూవీ రెండో వరుసలో 30, మూడో వరుసలో 22 మాత్రమే. ఆ ఎత్తు తగ్గినకొద్దీ మోకాళ్ళు పైకి లేస్తాయి. తొడలు సీటుకు ఆనవు. ఒంటి బరువంతా నడుము కింద ఒకేచోట పడుతుంది. మొదటి గంటలో ఏమీ తెలియదు, మూడో గంటలో ఎటు కదిలి కూర్చున్నా కుదరదు.

కారణం బండి కట్టుబడిలోనే ఉంది. మా ఎస్‌యూవీది లారీల తరహా నిచ్చెన ఛాసిస్. ఇనుప చట్రం మీద బాడీని కూర్చోబెడతారు కాబట్టి లోపలి నేల పైకి వస్తుంది. అందువల్ల బయట కనిపించే ఎత్తులో చాలా భాగం మన పాదాల కిందే ఉండిపోతుంది. పొడవులోనూ అంతే. టయోటా క్యామ్రీ వీల్‌బేస్ 2,825 మిల్లీమీటర్లు, అదే సంస్థ చేసే ఫార్చ్యూనర్‌ది 2,745. అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం సెడాన్‌కే ఎక్కువ. పైగా క్యామ్రీలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ఫార్చ్యూనర్‌లో బండి పొడవు వెంట ఉండి ఆ పొడవును తింటుంది. మిగిలిన చోటులోనే మూడు వరుసలు పట్టాలి. విడి చట్రం లేని మోనోకాక్ ఎస్‌యూవీలలో ఈ లోటు కొంత తక్కువ. మా మరిది గారి బండి అలాంటిదే, అందులో మా ఆయనకు తొడలు పట్టలేదు.

ఇక మా అత్తగారి సంగతి. సెడాన్‌లో కూర్చోవడం ఆమెకు పీట మీద కూర్చున్నంత పని. దిగేటప్పుడు ఒక చెయ్యి తలుపు మీద, మరో చెయ్యి నా భుజం మీద వేసి, ఊపిరి బిగబట్టి లేచేవారు. ఎస్‌యూవీతో ఆ బాధ తీరుతుందనుకున్నాను. తీరా చూస్తే ఫుట్‌బోర్డు మీద కాలు వేయాలంటే మోకాలు బాగా వంచాలి, చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడతాయి. మొదటి నెలంతా ప్లాస్టిక్ స్టూలు ఒకటి వెంట తీసుకెళ్ళాం. ఇప్పుడు ముందు సీటు పక్కన స్టూలెక్కి, పిడి పట్టుకుని, బయటికి తిరిగి కూర్చున్నాక కాళ్ళు లోపలికి తిప్పుకుంటారు. దిగడం మాత్రం తేలిక, మెల్లగా జారితే చాలు. కూర్చున్నాక ఆమెకు ఎస్‌యూవీయే ఇష్టం. కుర్చీలోలా వీపు నిటారుగా ఉంటుంది. కొవ్వూరు దాటి వంతెన ఎక్కగానే గోదావరి కనిపిస్తుంది, చేతులు జోడిస్తారు. సెడాన్‌లో అంత కిందనుంచి చూస్తే పిట్టగోడే ఎక్కువ కనిపించేది. ఈ ఒక్క సంగతి ముందు నా టేపు కొలతలు నిలవవని ఒప్పుకుంటాను.

మూడో వరుస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అది పిల్లలకే. వాళ్ళకూ ఘాట్ రోడ్డులో కాదు. శ్రీశైలం వెళ్తూ దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో మా చిన్నవాడికి వాంతులయ్యాయి. ఆ సీటు వెనక ఇరుసు మీద ఉంటుంది, బండి ఎత్తు వల్ల ఊపు మరీ ఎక్కువ. రెండో వరుసలోకి మార్చాక తగ్గింది. అదే దారిలో సెడాన్‌లో వెళ్ళినప్పుడు వాడు నిద్రపోయాడు. అయితే వెనక ముగ్గురు కూర్చోవాలంటే సెడాన్ పనికిరాదు. మధ్యలో కూర్చున్నవాళ్ళ పాదాల దగ్గర దిబ్బలా లేచిన నేల అడ్డం వస్తుంది. ఎస్‌యూవీలో భుజాలకూ చోటుంటుంది, నేలా దాదాపు సమంగా ఉంటుంది.

సామాను విషయంలో సెడాన్‌దే పైచేయి. ఏడుగురం కూర్చుంటే ఎస్‌యూవీ వెనక రెండు సంచులకు మించి పట్టవు. సెడాన్ డిక్కీ విడిగా ఉంటుంది కాబట్టి ఊరి నుంచి ఆవకాయ జాడీలు, మామిడిపళ్ళ బుట్ట తెచ్చినా వాసన మన దాకా రాదు. ఎస్‌యూవీలో మే నెలలో ఏసీ వేసుకుని అయిదారు గంటలు ఆవకాయ ఘాటుతో ప్రయాణించాం, పిల్లలు ముక్కు మూసుకున్నారు. గతుకుల దారిలో మాత్రం ఎస్‌యూవీలోనే ధైర్యంగా వెళ్తాను. తలలు అటూ ఇటూ ఊగుతాయి కానీ అడుగు తగలదు.

కొనేముందు షోరూములో ఒక పని చేయండి. డ్రైవర్ సీటును నడిపేవాళ్ళకు తగ్గట్టు జరిపి, దాని వెనక ఇంట్లో అందరికంటే పొడవైనవాళ్ళను పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. తొడకూ సీటుకూ మధ్య అరచెయ్యి సులువుగా దూరితే దూర ప్రయాణంలో వాళ్ళకు కష్టమే. పెద్దవాళ్ళుంటే వాళ్ళను రోజూ కట్టుకునే బట్టల్లోనే తీసుకెళ్ళి, రెండుసార్లు ఎక్కించి దింపి చూడండి. ఈ సంక్రాంతికి అత్తగారు ఉన్నారని ఎస్‌యూవీలో వెళ్ళాం. మేం నలుగురమే బయల్దేరినప్పుడు మాత్రం నేను సెడాన్ తాళమే తీసుకుంటాను.