లిఫ్ట్ లేకుండా పాత వీ-క్రాస్‌కి 265 టైర్లు: ఆటోనగర్ టైర్ షాపు రివ్యూ

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో లోపలి రోడ్డులో ఉన్న ఒక చిన్న టైర్ షాపు గురించి ఇది. బోర్డు మీద పేరు కూడా సగం చెరిగిపోయింది, లోపల కుర్చీ ఉండదు, ఏసీ ఉండదు, కానీ పాత పికప్ ఉన్నోళ్ళు పెద్ద టైర్లు వేద్దామనుకుంటే ముందు ఇలాంటి చోటికే వెళ్ళండి అంటాను. నాది 2016 ఇసుజు వీ-క్రాస్, శ్రీసిటీ ప్లాంటు మొదలైన ఏడాది బండి, కంపెనీ టైరు 245/70 ఆర్16 (వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 16 అంగుళాలు). లిఫ్ట్, అంటే సస్పెన్షన్ మార్చి బండిని పైకి లేపే కిట్టు, వేసే ఉద్దేశం అస్సలు లేదు, ఇప్పటికే మా అమ్మ ఎక్కాలంటే స్టూల్ వెయ్యాలి.

అంతకుముందు సిటీలో ఒక పెద్ద షోరూమ్‌లో అడిగితే బండి వైపు కూడా చూడకుండా "లిఫ్ట్ లేకపోతే అవ్వదు సార్" అని లిఫ్ట్ కిట్టు, చక్రాల్ని బయటికి జరిపే స్పేసర్లు, కొత్త అలాయ్‌లు అన్నీ కలిపి కొటేషన్ చేతిలో పెట్టారు. ఇక్కడి మేస్త్రీ అలా కాదు. నేను 265/75 కావాలన్నాను, సరే అని ఒక్క టైరు మాత్రం ముందు ఎడమ వైపు బిగించి, అంచు చుట్టూ సుద్దముక్కతో గట్టిగా రుద్ది, స్టీరింగ్ ఫుల్లుగా కొట్టి రివర్స్ తియ్యమన్నాడు, తర్వాత అదే చక్రాన్ని సిమెంటు దిమ్మ ఎక్కించి మళ్ళీ రెండు వైపులా తిప్పించాడు. దిగి చూస్తే మడ్‌ఫ్లాప్ మీద, లోపలి ప్లాస్టిక్ లైనర్ వెనక మూల మీద తెల్లగా చార. "చూసారా బాబూ, ఖాళీ బండికే ఇలాగుంటే రేపు సామానేసుకుని అరకు ఘాట్ దిగితే ఏటవుద్ది" అని టైరు ఊడదీసి పక్కన పెట్టేశాడు. రేటు ఎక్కువున్న టైరు అది, అమ్ముకుంటే ఆయనకే లాభం.

265/70కి కూడా అదే టెస్టు. ఈసారి మడ్‌ఫ్లాప్ కొసకి మాత్రం కాస్త తగిలింది. దాన్ని వెనక్కి జరిపి కొత్తగా బిగించాడు, లైనర్‌ని హీట్ గన్‌తో వేడి చేసి లోపలికి నొక్కాడు, కోత ఏం లేదు. టైమంతా తినేసింది స్క్రూలే, బీచ్ రోడ్డు బండి కదా, ఉప్పు గాలికి తుప్పు పట్టి ఒక్కోటి విరుగుతూ వచ్చాయి. ఇంకోటి, 265 టైరుకి రిమ్ వెడల్పు కనీసం 7 అంగుళాలుండాలి, రిమ్ లోపల 7జె (ఆ 7 వెడల్పే) అని ఉందో లేదో నాకు చూపించాకే టైరు ఎక్కించాడు. టైరు మీద తయారీ తేదీ కూడా చూసుకోండి, 3524 అంటే 2024లో 35వ వారం.

లెక్కలు కావాలనేవాళ్ళకి: టైరు ఎత్తు 749 నుంచి 777 మిల్లీమీటర్లయింది, కానీ బండి లేచేది అందులో సగమే, 14. దీనికోసం ఇంత ఖర్చా అంటే నా దగ్గర జవాబు లేదు, చూడ్డానికి మాత్రం అదిరింది. స్పీడోమీటరు 80 చూపిస్తే ఇదివరకటి మీద 3 కిలోమీటర్లు ఎక్కువే పోతోంది. బండి లాగే ఊపు తగ్గింది, అనంతగిరి ఎక్కేటప్పుడు ఇదివరకు ఫోర్త్‌లో లాగే చోట్ల ఇప్పుడు థర్డ్ వెయ్యాల్సొస్తోంది, మైలేజీ కూడా కొంచెం పోయింది. హైవే మీద ఏటీ (ఆల్ టెర్రైన్, మట్టి రోడ్లకీ పనికొచ్చే) టైరు హోరు ఉంటుంది, పాటలు పెట్టుకుంటే వినపడదు.

ఇక చిరాకులు. అలైన్‌మెంట్ మిషన్ వాళ్ళ దగ్గర లేదు, వేరే చోట చేయించుకోవాలి. బిల్లు అడిగితేనే ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం స్టెప్నీ, నాలుగే వేసి పంపించేస్తున్నాడు, నేనే అడిగి ఐదోది కూడా అదే సైజు తీసుకున్నాను. పాత స్టెప్నీ ఒక్కటి వేసి ఫోర్ బై ఫోర్‌లో (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం వెళ్ళేలా) నడిపితే ముందు వెనక చక్రాల తిరుగుడు తేడా వచ్చి గేర్ల మీద లోడ్ పడుతుంది, ఆ మాట షాపువాడే చెప్పాలి కదా. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించుకోమన్నాడు, అది మాత్రం గుర్తు చేశాడు.

పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే లారీలొచ్చి మనల్ని పట్టించుకోరు. 18 అంగుళాల అలాయ్ వీ-క్రాస్ ఉన్నోళ్ళు నా సైజు చూసి కొనెయ్యకండి, మీ 255/60కి లెక్క వేరు, సుద్దముక్క టెస్టు చేయించుకునే కొనండి.